ఒకే పొడవు ఐరన్లా, మామూలు సెట్టా? సీజన్ మొత్తానికి ఒక్కటే తేల్చుకోవాలంటే

వానలు తగ్గి బతుకమ్మ దగ్గరపడుతుందంటే మన హనుమకొండ, కాజీపేట వైపు గోల్ఫ్ ఆడే కొద్దిమందిలో ఇదే ముచ్చట. ఈ సీజన్‌కి సింగిల్ లెంగ్త్ ఐరన్లకు (అన్నీ ఒకే పొడవుండే లోహపు తల క్లబ్‌లకు, అంటే బంతి కొట్టే కర్రలకు) మారిపోదామా, ఉన్న సెట్‌తోనే లాగిద్దామా, లేకపోతే సగం అదీ సగం ఇదీ పెట్టుకుందామా? అడిగినవాళ్లందరికీ ఒకే జవాబు చెప్పలేం. కానీ జవాబు దేన్నిబట్టి మారుతుందో చెప్పొచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు ఎంత బాగా ఆడతారన్నది ఇక్కడ రెండో విషయం. ఎక్కడ ప్రాక్టీస్ చేస్తారు, ఎంత చేస్తారు అన్నదే మొదటిది. వారమంతా ఇంటి పక్క ఖాళీ జాగాలోనో డాబా మీదో నెట్ కట్టుకుని కొట్టి, నెలకు ఒకటి రెండు ఆదివారాలు జనగామ, భువనగిరి మీదుగా హైదరాబాద్ పోయి ఆడేవాళ్లకు ఒకే పొడవు ఐరన్లు నిజంగా పనికొస్తాయి. అయితే 6 నంబరు ఐరన్ నుంచి వెడ్జ్ (దగ్గరి షాట్లకు వాడే ఐరన్) దాకానే, పైన, అంటే ఎక్కువ దూరం షాట్లకు, హైబ్రిడ్లు (పెద్ద ఐరన్ల బదులు వాడే, బంతిని తేలిగ్గా లేపే క్లబ్‌లు) పెట్టుకుని. రేంజ్ (బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసే మైదానం) పక్కనే ఉండి వారానికి మూడు నాలుగు సార్లు బంతులు కొట్టగలిగినవాళ్లు మారాల్సిన పని లేదు.

అసలు తేడా ఎక్కడుంది

మామూలు సెట్‌లో 5 ఐరన్ దాదాపు 38 అంగుళాలు ఉంటుంది. అక్కడి నుంచి నంబరుకు అర అంగుళం చొప్పున తగ్గుతూ 7 ఐరన్ 37, 9 ఐరన్ 36, పిచింగ్ వెడ్జ్ 35.5 అంగుళాల దగ్గరికి వస్తుంది (కంపెనీని బట్టి పావు, అర అంగుళం అటూ ఇటూ). పొడవు తగ్గే కొద్దీ క్లబ్ తల బరువు నంబరుకు సుమారు 7 గ్రాములు పెరుగుతుంది, లేకపోతే పొట్టి క్లబ్ చేతిలో తేలిపోయినట్టు ఉంటుంది. లై యాంగిల్ (నేలకూ కర్రకూ మధ్య కోణం) కూడా నంబరుకు అర డిగ్రీ చొప్పున నిలువవుతుంది. అంటే 5 ఐరన్‌కీ వెడ్జ్‌కీ మధ్య మీరు నిలబడే దూరం, నడుము వంచే వంపు, బంతి పెట్టే చోటు, అన్నీ కొంచెం కొంచెం మారుతూ ఉంటాయి.

సింగిల్ లెంగ్త్ సెట్‌లో లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం) తప్ప మిగతావన్నీ ఒకటే. పొడవు ఎక్కువగా 7 ఐరన్‌ది, తల బరువు, లై యాంగిల్ కూడా దాదాపు దానివే. ఏ నంబరు తీసినా కాళ్లు, చేతులు, నడుము ఒకే తీరులో ఉంటాయి.

ఇదేం కొత్త ఆలోచన కాదు. 1980ల చివర్లో టామీ ఆర్మర్ కంపెనీ ఈక్యూఎల్ పేరుతో ఇలాంటి సెట్ తెచ్చింది, అది నిలబడలేదు. పెద్ద ఐరన్లు (4, 5 లాంటి, దూరం కొట్టేవి) చాలినంత దూరం పోలేదు, చిన్నవి (9, వెడ్జ్ లాంటివి) అవసరానికి మించి పోయాయి. ఆ చిక్కు ఇవాళ్టికీ పూర్తిగా తీరలేదని గుర్తుపెట్టుకోండి, మన ఎంపిక అంతా దాని చుట్టే తిరుగుతుంది. అమెరికా ఆటగాడు బ్రైసన్ డిషాంబో 2015లో అమెరికా కాలేజీ ఛాంపియన్‌షిప్, యూఎస్ అమెచ్యూర్ రెండూ ఒకే ఏడాది గెలిచాక జనం మళ్లీ ఇటు చూశారు. 2017లో కోబ్రా కంపెనీ మామూలు ఆటగాళ్లకు వన్ లెంగ్త్ సెట్లు తెచ్చింది. క్లబ్ డిజైనర్ టామ్ విషన్ గీసిన స్టెర్లింగ్ ఐరన్లు 8 ఐరన్ పొడవు దగ్గర ఆగాయి. పెద్ద ఐరన్లకు బంతి వేగంగా వదిలే పల్చటి ముఖం పెట్టి దూరం తగ్గకుండా చూశాయి. డిషాంబో 2020లో వింగ్డ్ ఫుట్‌లో, 2024లో పైన్‌హర్స్ట్‌లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, రెండుసార్లూ ఒకే పొడవు ఐరన్లతోనే. ఆయన్ని చూసి కొనాలనుకునేవాళ్లు ఒక్కటి ఆలోచించండి: ఆ వేగంతో ఊపితే 5 ఐరన్ పొట్టిగా ఉన్నా బంతి ఎత్తుకు లేస్తుంది. మన వేగం అక్కడ ఏ మూలకూ రాదు. పేరున్న ప్రొఫెషనల్స్‌లో ఆయన దారి పట్టినవాళ్లు చాలా తక్కువ.

వేటిని చూసి తేల్చుకోవాలి

మొదటిది ప్రాక్టీస్, పైన చెప్పాను. నెట్‌లో కొట్టేవాళ్లు సాధారణంగా 7 ఐరన్ ఒక్కటే తీసి గంటసేపు దాంతోనే కొడతారు. మామూలు సెట్‌లో ఆ గంట ఎక్కువగా 7 ఐరన్‌కే ఉపయోగపడుతుంది, 5కీ వెడ్జ్‌కీ దాని ఫలం పాక్షికంగానే అందుతుంది. ఒకే పొడవు సెట్‌లో అదే గంట సెట్ మొత్తానికి పని చేస్తుంది. దూరంగా ఉండి ఆడేవాళ్లకు ఇంతకు మించిన లాభం ఇంకోటి లేదు.

రెండోది మీ వేగం. మామూలు 7 ఐరన్‌తో బంతి గాల్లో 130 గజాలు దాటకపోతే మీకు 5 ఐరన్ ఏ పొడవులోనూ అక్కరకు రాదు. ఇది నా లెక్క, కానీ చాలామంది విషయంలో కుదిరిన లెక్క. 150 దాటేవాళ్లు పొట్టి 5 ఐరన్‌తో కూడా బతికిపోతారు. మధ్యలో ఉన్నవాళ్లే కొట్టి చూసి తేల్చుకోవాలి.

మూడోది గ్రీన్ (జెండా, గుంట ఉండే పచ్చిక) దగ్గర మీ చేతి నేర్పు. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు, సీజన్ మధ్యలో ఇబ్బంది పడేది మాత్రం ఇక్కడే. ఒకే పొడవు వెడ్జ్ మామూలు దానికంటే అంగుళంన్నర పొడుగు. ఫుల్ స్వింగ్‌లో అది బాగానే ఉంటుంది, బంతి ఎత్తుగా పోతుంది, మీకు అలవాటున్న దానికంటే కొన్ని గజాలు ఎక్కువ కూడా పోతుంది. కానీ 40 గజాల చిన్న పిచ్ (బంతిని లేపి గ్రీన్ మీద వేసే దగ్గరి షాట్) కొట్టాలంటే గ్రిప్ కింది అంచు దాకా, కింది చేతి చూపుడువేలు షాఫ్ట్ లోహానికి తగిలేంత కిందికి పట్టుకోవాలి. పైన మిగిలిన గ్రిప్ ముక్క ఎడమ ముంజేతి పక్కనే ఊగుతూ ఉంటుంది. మణికట్టు కొంచెం ఎక్కువ తిప్పితే ఆ ముక్క చేతికి తగిలి క్లబ్ ముఖం మూసుకుపోతుంది. అలవాటైతే దాటొచ్చు, దానికి రెండు నెలలు పట్టొచ్చు. మీ స్కోరంతా వంద గజాల లోపలి ఆట మీదే నిలబడి ఉంటే ఆ రెండు నెలలు చాలా ఖరీదైనవి.

నాలుగోది నేల. ఒకే పొడవు సెట్‌లో పెద్ద ఐరన్ల బంతి తక్కువ ఎత్తులో పోతుంది. గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ కానీ, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ కానీ, జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి నేల ఆరి బంతి దొర్లుతుంది కాబట్టి ఆ తక్కువ ఎత్తు పెద్దగా బాధించదు. వానాకాలంలో అదే బంతి పడ్డచోటే కూలబడుతుంది. మీరు ఏడాది పొడుగునా ఆడేవాళ్లయితే ఆగస్టును కూడా లెక్కేసుకోండి.

ఐదోది వెనక్కి వచ్చే దారి. ఒకే పొడవు సెట్ మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో అడిగేవాళ్లు తక్కువ. అమ్మాలంటే టైమ్ పడుతుంది, ధర తగ్గించుకోవాలి. ఎడమచేతివాళ్లకు కొనడానికే ఎంపిక తక్కువ.

రూల్స్ గురించి టెన్షన్ పడకండి. క్లబ్‌లు 14 మించకూడదు, అంతే. ఐరన్లన్నీ ఒకే పొడవు ఉండొద్దని ఎక్కడా లేదు. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చూపే అంకె) లెక్కలోనూ తేడా రాదు.

నాలుగు దారులు

| చూడాల్సింది | మామూలు సెట్ | పూర్తి ఒకే పొడవు (5 నుంచి వెడ్జ్‌లు) | 6 నుంచి ఒకే పొడవు, పైన హైబ్రిడ్లు | ఉన్న సెట్‌నే ఒకే పొడవుకు కోయించడం |
|---|---|---|---|---|
| నెట్ ప్రాక్టీస్ ఫలం | ఒక్కో క్లబ్‌కు విడివిడిగా | అన్నిటికీ | హైబ్రిడ్లు తప్ప అన్నిటికీ | బరువులు కుదరక సగం సగం |
| పెద్ద ఐరన్ల ఎత్తు | మధ్యస్థం | తక్కువ | హైబ్రిడ్ వల్ల బాగుంటుంది | తక్కువ |
| చిన్న పిచ్‌లు | తేలిక | అలవాటు కావాలి | అలవాటు కావాలి, శాండ్ వెడ్జ్ మామూలుదైతే కొంత నయం | కష్టం |
| అలవాటయ్యే కాలం | లేదు | ఎక్కువ | మధ్యస్థం | చెప్పలేం |
| నచ్చకపోతే | ఇబ్బంది లేదు | అమ్మడం కష్టం | హైబ్రిడ్లు ఎలాగూ పనికొస్తాయి | పాత సెట్ కూడా పోతుంది |

చివరి దాని గురించి ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే ఖర్చు తక్కువని చాలామంది మొదట దాని వైపే చూస్తారు. వద్దు. అర అంగుళం కోస్తే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు తల ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత) సుమారు 3 పాయింట్లు పడిపోతుంది. 5 ఐరన్‌ను అంగుళం కోస్తే 6 పాయింట్లు. ఒక్కో పాయింట్‌కు తలకు 2 గ్రాముల బరువు చేర్చాలి, అంటే తల వెనక 12 గ్రాముల సీసం టేపు పొరలు పొరలుగా అంటించాలి. అది నాలుగు రౌండ్లకు ఇసుక పట్టి అంచులు లేస్తుంది. వెడ్జ్ వైపు ఇంకా ఇబ్బంది. దాన్ని అంగుళంన్నర పొడిగిస్తే 9 పాయింట్లు పెరిగి సుత్తి ఊపినట్టుంటుంది, టేపు అంటించొచ్చు కానీ తల నుంచి 18 గ్రాములు ఎవరు చెక్కుతారు? పైగా లై యాంగిల్స్ అన్నీ వంచాలి, పోత పోసిన తలలు అంత సులువుగా వంగవు. మంచి సెట్ ఒకటి పాడవుతుంది, ఒకే పొడవు సెట్ మాత్రం చేతికి రాదు.

మామూలు సెట్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అది మీకు తెలిసిందే. ఒక్క మాట: దాంట్లో మీ అసలు బాధ 4, 5 ఐరన్లే అయితే మొత్తం సెట్ మార్చక్కర్లేదు. ఆ రెండింటి బదులు రెండు హైబ్రిడ్లు కొనుక్కుంటే ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనిపిస్తుంది. నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఇదే.

పూర్తి ఒకే పొడవు సెట్ ఎవరికి? గట్టిగా ఊపగలిగే కుర్రవాళ్లకు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకు కూడా, ఎందుకంటే వాళ్లకు మర్చిపోవాల్సిన పాత దూరాలు లేవు. ఒకే నిలబాటు, ఒకే బంతి చోటు నేర్పితే త్వరగా కుదురుతుంది. పెద్ద ఐరన్లకు బంతిని ఒక అంగుళం ముందుకు పెట్టుకోవచ్చు, అంతకు మించి మార్చొద్దు.

మూడో దారి, అంటే 6 నుంచి ఒకే పొడవు, నేను ఎక్కువమందికి చెప్పేది. సెట్ 5 నుంచి వస్తే 5ను ఇంట్లో పెట్టేసి ఆ చోట హైబ్రిడ్ వేసుకోండి. హైబ్రిడ్ ఎలాగూ పొడుగ్గా ఉంటుంది, దాన్ని ఐరన్‌లా కాకుండా ఫెయిర్‌వే వుడ్‌లా (దూరం కొట్టే పెద్ద తల క్లబ్‌లా) చూస్తారు కాబట్టి నిలబడే తీరు మారినా మనసు తికమకపడదు. ఒకే పొడవు హైబ్రిడ్లు కూడా వచ్చాయి, నెమ్మదిగా ఊపేవాళ్లు వాటి జోలికి పోవద్దు, హైబ్రిడ్ కొనేదే దూరం కోసం కదా.

ఈ దారిలో జాగ్రత్త పడాల్సింది కింది చివర. ఒకే పొడవు పిచింగ్ వెడ్జ్ మీ పాతదానికంటే ఎక్కువ పోతుంది, మీ పాత శాండ్ వెడ్జ్ మాత్రం ఎప్పటిలాగే పోతుంది. మధ్యలో 25, 30 గజాల ఖాళీ పడుతుంది, సరిగ్గా మీకు అవసరమైన 80 గజాల దగ్గర. అందుకని గ్యాప్ వెడ్జ్‌ను (ఆ రెండు వెడ్జ్‌ల మధ్య దూరానికి వాడేది) అదే సెట్‌లో, అదే పొడవులో కొనండి. శాండ్ వెడ్జ్ మాత్రం మామూలు పొడవుదే ఉంచుకోండి. బంకర్‌లో (ఇసుక గుంటలో), గ్రీన్ అంచున దాంతోనే పని.

ఎవరు ఎటు

వయసు అరవై దాటి నడుము నొప్పి ఉన్నవాళ్లు తరచూ అడుగుతారు. ఒకే పొడవు వెడ్జ్ పొడుగు కాబట్టి అంత వంగక్కర్లేదు, ఆ సుఖం నిజమే. కానీ వేగం తగ్గిన చేతులకు 6 ఐరన్ కూడా లేవదు, కాబట్టి 7 నుంచే మొదలుపెట్టి పైన రెండు మూడు హైబ్రిడ్లు పెట్టుకోండి పెద్దాయనా. ఈ ఏర్పాటు మీకు బాగా సరిపోతుంది.

సింగిల్ డిజిట్ హ్యాండిక్యాప్ వాళ్లు, అంటే ఆట బాగా వచ్చినవాళ్లు, మారొద్దు. మీ చేతిలో ఇప్పటికే ఒక్కో క్లబ్‌కు మూడు నాలుగు రకాల షాట్లున్నాయి, అవన్నీ పాత పొడవులకు అలవాటైనవి. బంతి దూరం పోవడంలో మీకు వచ్చే లాభం ఏమీ లేదు, పోయేది మాత్రం ఉంది.

కాజీపేటలో పొద్దున్నే ట్రైన్ ఎక్కి, బ్యాగ్ మోసుకుపోలేక అక్కడే క్లబ్‌లు అద్దెకు తీసుకునేవాళ్లు ఉన్నారు. అద్దెకు దొరికేవి మామూలు సెట్లే. ఇంట్లో ఒక పొడవు, కోర్సులో ఇంకో పొడవు పెట్టుకుంటే రెండిటికీ చెడుతుంది. మీరు మామూలుదాంట్లోనే ఉండండి, లేదా ఒకే పొడవుకు మారి ఐదారు క్లబ్‌లు పట్టే చిన్న బ్యాగ్ వెంట తీసుకుపోండి.

ఉద్యోగం వల్ల నాలుగైదు నెలలు క్లబ్ ముట్టని వాళ్లు, ఆపై ఒక్కసారిగా మళ్లీ మొదలుపెట్టేవాళ్లు: మీకు ఒకే పొడవు బాగా కలిసొస్తుంది. తిరిగి గుర్తు చేసుకోవాల్సింది ఒకే ఒక్క నిలబాటు.

కొనే ముందు, కొన్న తర్వాత

షాపులో డెమో అడిగితే చేతికి 7 ఐరన్ ఇస్తారు. తీసుకోకండి. అది మీ పాత 7 ఐరన్ పొడవే, బరువు కూడా ఇంచుమించు అదే. దాంతో బాగా కొట్టారంటే ఒకే పొడవు సెట్ గురించి మీకు తెలిసింది ఏమీ లేదు. 5 ఐరన్, పిచింగ్ వెడ్జ్ అడగండి. 5 ఐరన్‌తో బంతి ఎంత ఎత్తు లేస్తుందో, మీ పాత 5 కంటే ఎన్ని గజాలు తగ్గుతుందో చూడండి. అది 7 కంటే కనీసం పదిహేను గజాలు ముందుకు పోవడం లేదంటే దాన్ని వదిలి హైబ్రిడ్‌కు పోవాలి. తర్వాత వెడ్జ్‌తో ఫుల్ స్వింగ్ కాకుండా 40, 60 గజాల షాట్లు కొట్టండి. అక్కడ చేతులు బిగుసుకుపోతున్నాయంటే మీకు అలవాటవడానికి ఎక్కువ కాలం పడుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే టేపు వెంట తీసుకుపోయి ప్రతి క్లబ్‌నూ కొలవండి. గ్రిప్ మార్చినప్పుడో షాఫ్ట్ విరిగి కొత్తది వేసినప్పుడో ఒకటి రెండు క్లబ్‌లు పావు అంగుళం తేడాగా తయారవుతాయి, అప్పుడు ఈ సెట్‌కు అర్థమే ఉండదు.

ఒకసారి మారాలనుకున్నాక సీజన్ మొత్తం మారాల్సిందే. మొదటి నెలన్నరలో వచ్చేవి నష్టాలే: వెడ్జ్ గ్రీన్ దాటిపోతుంది, 6 ఐరన్ ముందే ఆగుతుంది, కేడీ (బ్యాగ్ మోసే అతను) "సార్, ఏడు తీస్కోండి" అంటే ఆ ఏడు ఎంత పోతుందో అతనికి తెలుసు కానీ మీ ఎనిమిది, తొమ్మిది ఎంత పోతాయో తెలియదు. ఆ దశలో వెనక్కి పోయినవాళ్లు నష్టం చూసి లాభం చూడకుండా పోయినట్టు. పాత సెట్‌ను అటక మీద పెట్టేయండి, కళ్ల ముందు ఉంటే చెయ్యి అటే పోతుంది.

దసరా అయ్యాక మొదలుపెట్టండి. మొదటి రెండు ట్రిప్పులు పూర్తి రౌండ్ ఆడకుండా రేంజ్ మీదే గడిపి ఒక్కో క్లబ్ ఎంత పోతుందో చిన్న కాగితం మీద రాసి బ్యాగ్‌లో పెట్టుకోండి, నెట్ ఈ విషయం చెప్పదు కాబట్టి. సంక్రాంతి దాకా స్కోరు పట్టించుకోవద్దు. డిసెంబరు పొద్దుటి చలిలో బంతి తక్కువ పోతుంది, ఏప్రిల్ ఎండలో ఎక్కువ పోతుంది, కాబట్టి ఉగాది దగ్గర ఆ కాగితం ఇంకోసారి సరిచూసుకోండి.

అప్పుడు చూడాల్సింది రెండే. 100 నుంచి 150 గజాల మధ్య నుంచి కొట్టినప్పుడు గ్రీన్ మీద బంతి నిలిచే సార్లు పెరిగాయా? 60 గజాల లోపల మీ పాత నమ్మకం తిరిగి వచ్చిందా? రెండిటికీ అవునంటే పాత సెట్ అమ్మేయండి. మొదటిది అవును, రెండోది కాదు అంటే గ్యాప్ వెడ్జ్ బదులు మామూలు పొడవుది పెట్టుకుని వచ్చే సీజన్ కొనసాగించండి. మొదటిదే కాదు అంటే అటక మీది సెట్ దించండి, వానలకు ముందే దాంతో నెట్‌లో నెల రోజులు కొట్టండి.